బంగారం గాలించడం, రాయి నుంచి తీయడం: పాత పద్ధతులపై తరచుగా అడిగే ప్రశ్నలు

బంగారం ధర పెరిగినప్పుడల్లా హైదరాబాద్‌లో ఒక రకం ప్రశ్నలు మొదలవుతాయి. నదుల్లో బంగారం దొరుకుతుందట కదా, వెనకటికి ఇనప పళ్లెంతో తీసేవాళ్లట కదా, మనమూ తీయొచ్చా అని. మా పెదనాన్న చార్‌కమాన్ దగ్గర కంసాలి పని చేశారు, నాకు కూడా చిన్నప్పటి నుంచి ఈ పిచ్చి ఉంది, అందుకని తెలిసినవాళ్లంతా నన్నే అడుగుతుంటారు. అందరికీ ఒకేచోట జవాబు రాస్తున్నా. ఒక్క మాట ముందే చెప్తాను. బంగారం దొరికిన కథలు అందరూ చెప్తారు, ఎంత చేజారింది, అది తీసిన మనిషి ఒళ్లు ఏమైంది అన్నది ఎవరూ చెప్పరు. ఈ రెండూ తెలియకుండా ఏ పద్ధతీ అర్థం కాదు.

నీళ్లలో కడిగితే బంగారం ఎలా విడిపోతుంది?

బరువు వల్ల, అంతే. ఒక ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగుతుంది, అంతే ఇసుక 2.65 గ్రాములు. అంటే ఏడింతలు. కానీ నీళ్లలో ముంచితే రెండింటి బరువులోంచీ ఒక్కో గ్రాము తగ్గిపోతుంది కాబట్టి 18.3కి 1.65 అవుతుంది, అప్పుడు తేడా పదకొండింతలు! నీళ్లు చేసే పని ఇదే. పొడి ఇసుకను ఎంత జల్లించినా ఇంత తేలిగ్గా విడిపోదు. అమ్మ బియ్యం గాలించేటప్పుడు రాళ్లు గిన్నె అడుగున మిగిలిపోవడం చూసే ఉంటారు, పద్ధతి అదే, కాకపోతే ఇక్కడ అడుగున మిగిలిందే మనకు కావాలి.

పళ్లెంతో గాలించడం అసలు ఎలా చేసేవాళ్లు?

కాలిఫోర్నియాలో 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి, కొలోమాలో కడుతున్న రంపపు మిల్లు కాలువలో పసుపు పలుకులు చూశాడు. ఆ మరుసటి ఏడు నుంచి జనం ఎగబడ్డారు. వాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది ఏటవాలు అంచులున్న ఇనప పళ్లెం. మెక్సికో, దక్షిణ అమెరికా వాళ్లయితే అంతకు చాలా ముందు నుంచే బటేయా అనే చెక్క తట్ట వాడేవాళ్లు, మొదట్లో అమెరికన్లకు ఈ పని నేర్పింది కూడా చాలావరకు వాళ్లే.

పళ్లెం నిండా కంకర, మట్టి వేసి నీళ్లలో ముంచి, ముందు చేత్తో గడ్డలన్నీ చిదిపి కరిగించాలి. ఈ మెట్టు దగ్గరే కొత్తవాళ్లు తొందరపడతారు, బంకమట్టి గడ్డ కరగకపోతే లోపలున్న పలుకుతో సహా బయటికి పోతుంది. పెద్ద రాళ్లు కడిగి ఏరేశాక పళ్లేన్ని మట్టంగా పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపాలి, బరువైనవి అడుక్కి దిగుతాయి. తర్వాత కొద్దిగా ముందుకు వంచి పైపొరను నీళ్లతో జారనివ్వాలి, మళ్లీ మట్టం చేసి ఊపాలి, మళ్లీ వంచాలి. చివరికి చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. అది చాలావరకు మాగ్నటైటు, ఇనప ఖనిజం. అప్పుడు రెండు చుక్కల నీళ్లు ఉంచి పళ్లెం అంచు వెంట మెల్లగా తిప్పితే నల్ల ఇసుక ముందుకు పరుగెడుతుంది, దాని తోక దగ్గర, ఒక్క అడుగు కూడా కదలకుండా, పసుప్పచ్చ రజను ఆగిపోతుంది. ఎండలోనూ నీడలోనూ అదే రంగు. అది ఒకసారి చూసినవాళ్లకు ఈ పిచ్చి ఎందుకు పడుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. కొత్త పళ్లేన్ని వాళ్లు నిప్పు మీద బాగా కాల్చేవాళ్లు. నూనె జిడ్డు ఉంటే సన్నటి రేకులాంటి బంగారం నీటి మీద తేలి కొట్టుకుపోతుంది, అందుకని. కాలిస్తే పళ్లెం నల్లబడి పలుకులు బాగా కనిపిస్తాయి కూడా.

ఏటిలో ఎక్కడ తవ్వాలో వాళ్లకెలా తెలిసేది?

నీళ్లు ఎక్కడ మందగిస్తాయో అక్కడ. వంపు లోపలి ఒడ్డు, పెద్ద బండ వెనక భాగం, ప్రవాహం ఒక్కసారిగా వెడల్పయ్యే చోటు. అన్నిటికన్నా ముఖ్యం అడుగు బండ, ఎందుకంటే ప్రతి వరదకూ కంకర కదిలినప్పుడల్లా బంగారం కిందికి దిగుతూ దిగుతూ చివరికి బండ పగుళ్లలో ఇరుక్కుంటుంది. అనుభవం ఉన్నవాళ్లు పై ఇసుక జోలికే పోరు, నాలుగైదు అడుగులు తవ్వి, బండ నెర్రెల్లోని మట్టిని కత్తిమొనతో గీకి తీసి అదే కడుగుతారు.

ఒక్క పళ్లెంతో పూట గడిచేదా?

రోజంతా వంగి, చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని, చేయి తిరిగినవాడు ఓ 50 పళ్లేలు కడిగేవాడు. మొదటి ఏడాది వాగుల్లో బంగారం సమృద్ధిగా ఉన్నప్పుడు గడిచింది, తర్వాత గడవలేదు. అందుకే పళ్లెం త్వరలోనే వెతుకులాటకూ చివరి కడుగుడుకూ మాత్రమే మిగిలింది, అసలు పని పెట్టెలకు మారింది.

ముందు వచ్చింది ఉయ్యాల పెట్టె. కింద వంపు కర్రలుంటాయి, పైన చిల్లుల రేకు, దాని కింద ఏటవాలుగా గుడ్డ, అడుగున అడ్డంగా కొట్టిన చెక్క పట్టీలు. ఒకడు కంకర పోస్తే ఒకడు నీళ్లు పోస్తూ ఊపుతాడు. ఆస్ట్రేలియాలో 1851లో ఎడ్వర్డ్ హార్‌గ్రేవ్స్ ఓఫిర్ దగ్గర బంగారం చూపించి జనాన్ని కదిలించినప్పుడు, అక్కడివాళ్లకు నేర్పింది కూడా కాలిఫోర్నియాలో చూసొచ్చిన ఈ పెట్టెనే. ఆ తర్వాత పొడవాటి తొట్లు, చివరికి వందల అడుగుల చెక్క కాలువలు. వీటన్నిటిలో కిటుకు ఆ అడ్డపట్టీలదే. పట్టీ దాటిన నీరు దాని వెనక చిన్న సుడి తిరుగుతుంది, తేలికైన ఇసుక ఆ సుడిలో లేచి పోతుంది, బంగారం లేవలేక అక్కడే కూర్చుంటుంది. వారానికోసారి నీళ్లు ఆపి పట్టీలు ఊడదీసి అడుగుది పోగుచేసేవాళ్లు.

నష్టం మాత్రం బాగా ఉండేది. సన్న రజను చాలావరకు పారే నీళ్లలోనే పోయేది, వెనక వచ్చినవాళ్లు, ముఖ్యంగా చైనీయులు, ముందువాళ్లు వదిలేసిన కుప్పల్నే ఓపిగ్గా మళ్లీ కడిగి బతికారు. వాళ్ల మీద పన్ను వేసి, కొట్టి, తరిమిన చరిత్ర కూడా అక్కడే ఉంది. 1850లో విదేశీ గని పనివాళ్ల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేశారు, ఆ రోజుల్లో అది చాలామందికి మోయలేని మొత్తం.

నీళ్లే లేని చోట ఏం చేశారు?

తూర్పారబట్టారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కూల్‌గార్డీ దగ్గర 1892లో, కాల్‌గూర్లీ దగ్గర 1893లో బంగారం బయటపడింది, అక్కడ తాగడానికే నీళ్లు కొనుక్కోవాలి. ఎండబెట్టి నలిపిన మట్టిని ఒక పళ్లెంలోంచి కింద ఉన్న ఇంకో పళ్లెంలోకి గాలివాటున పోసేవాళ్లు, దుమ్ము ఎగిరిపోయేది, బరువైనది పళ్లెంలో పడేది. ఆ దుమ్మంతా పీల్చింది మాత్రం పోసిన మనిషే.

మంచు నేలలో?

అది ఇంకా ఘోరం. కెనడాలోని క్లోండైక్‌లో 1896 ఆగస్టులో బంగారం దొరికింది, లక్షమంది దాకా బయల్దేరితే చేరినవాళ్లు ముప్పై నలభై వేలు. ఏడాదికి సరిపడా తిండీ సామానూ, అంటే దాదాపు టన్ను బరువు, వెంట ఉంటేగానీ కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవాళ్లు కాదు. చేరాక చూస్తే నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. రాత్రి గోతిలో కట్టెల మంట వేయడం, పొద్దున కరిగిన కాస్త మట్టి తోడి పైన కుప్ప పోయడం, మళ్లీ మంట వేయడం, ఇలా చలికాలమంతా అడుగు బండ తగిలేదాకా దిగేవాళ్లు. ఆ కుప్పలో ఏముందో వసంతంలో వాగులు కరిగి నీళ్లొచ్చాక కడిగితేగానీ తెలియదు.

గొర్రెతోలుతో బంగారం పట్టేవాళ్లంటారు, కథేనా?

నిజమే. జార్జియా దేశపు కొండల్లో, స్వనేతీ ప్రాంతంలో, వాగు నీళ్లలో ఉన్ని తోలు పరిచి రజను పట్టే పద్ధతి ఉంది, స్ట్రాబో అనే గ్రీకు రచయిత రెండు వేల ఏళ్ల కిందటే దాని గురించి రాశాడు. తర్వాతి కాలం కాలువల్లో పరిచిన గరుకు గుడ్డలు, కంబళ్లు చేసేది కూడా ఆ పనే.

నీళ్లతో కొండల్నే కూల్చారంటారు?

రోమన్లు స్పెయిన్‌లోని లాస్ మెదులాస్ దగ్గర ముందు కొండలో సొరంగాలు తవ్వి, ఆపైన చెరువు నీళ్లు ఒక్కసారిగా వదిలి కొండ కూల్చేవాళ్లు. ప్లినీ అనే రోమన్ రచయిత దీన్ని వర్ణించాడు. ఆ ఎర్రటి మొండి శిఖరాలు ఇప్పటికీ ఉన్నాయి.

కాలిఫోర్నియాలో 1853 నుంచి ఇదే పనిని గొట్టాలతో చేశారు. ఎడ్వర్డ్ మాటిసన్ అనే ఆయన మొదలుపెట్టాడంటారు, పోనుపోను ఆ గొట్టాలు ఫిరంగులంత అయ్యాయి. కొండ కరిగి బురదై నదుల్లోకి చేరింది, నదుల అడుగు మట్టం పైకి లేచింది, కింద శాక్రమెంటో లోయలో పొలాలూ ఊళ్లూ మునిగాయి. రైతులు కోర్టుకెక్కారు. 1884 జనవరిలో జడ్జి లోరెంజో సాయర్ బురదను నదుల్లోకి వదలకూడదని తీర్పు ఇచ్చాడు, దాంతో ఆ పద్ధతి దాదాపు ఆగిపోయింది. బంగారం కన్నా పొలం ముఖ్యమని 140 ఏళ్ల కిందట ఒక కోర్టు తేల్చింది, నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం అదే.

రాయిలో ఉన్న బంగారాన్ని ఎలా తీసేవాళ్లు? మన దగ్గర పాత గనులున్నాయా?

మనవాళ్లు కాలిఫోర్నియా గురించి చెప్పినంత హట్టి గురించి చెప్పరు, నాకు బాధగా ఉంటుంది. రాయచూరు జిల్లాలోని హట్టి నిజాం రాజ్యంలోదే, 1956లో రాష్ట్రాలు విడిపోయేదాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. అక్కడ కొత్త గని తవ్వబోయినవాళ్లకు పాతవాళ్ల గోతులు ఎదురయ్యాయి, వందల అడుగుల లోతువి, లోపల దొరికిన కర్రముక్కల్ని పరీక్షిస్తే సుమారు రెండు వేల ఏళ్ల నాటివని తేలింది. యంత్రం లేదు, మందుగుండు లేదు. రాతి ముఖం మీద కట్టెలు పేర్చి ఎర్రగా కాల్చి, పైన నీళ్లు కొట్టేవాళ్లు, రాయి చిట్లేది, చిట్లినదాన్ని ఉలితో ఊడగొట్టి గంపల్లో పైకి చేరవేసేవాళ్లు. ఆ లోతున, ఆ పొగలో, గాలి ఆడని సందుల్లో పనిచేసినవాళ్ల పేరు ఒక్కటీ మనకు మిగల్లేదు.

పైకొచ్చిన తెల్ల పలుగురాయిని బండ గుంటల్లో వేసి దంచి, పిండిగా నూరి, ఆ పిండిని ఏటి ఇసుకను గాలించినట్టే గాలించేవాళ్లు. రాయి పిండైనంత మాత్రాన అయిపోదు, పిండి ఎంత మెత్తగా ఉంటే అంత బంగారం విడుదలవుతుంది, కానీ మరీ మెత్తనైతే నీళ్లలో పోతుంది. ఆ హద్దు పట్టుకోవడమే అసలు నేర్పు. టన్ను రాయిలో నాలుగైదు గ్రాములుంటే మంచి గని కింద లెక్క, అర తులం కోసం బండెడు రాయి దంచాలన్నమాట.

హట్టికి దగ్గర్లోనే మస్కి ఉంది. 1915లో నిజాం ప్రభుత్వంలో పనిచేసే బీడన్ అనే గని ఇంజినీరు అక్కడ ఒక బండ మీద రాతలు చూశాడు, అది అశోకుడి శాసనమని, అందులో అశోకుడని పేరే ఉందని తేలింది. అప్పటిదాకా శాసనాల్లో ‘దేవానాంపియ’ అని బిరుదే దొరికేది. బంగారం కోసం తిరిగిన మనిషికి అశోకుడు దొరికాడు! మౌర్యుల దక్షిణ కేంద్రం పేరు సువర్ణగిరి కావడం, వాళ్ల శాసనాలు మస్కి, కర్నూలు దగ్గరి ఎర్రగుడి లాంటి బంగారు నేలల చుట్టుపక్కలే ఉండటం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

కోలారు సంగతి?

1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి అక్కడి ఊళ్లలో బంగారం ఉందని విని, చూపిస్తే బహుమానం ఇస్తానన్నాడు. ఊరివాళ్లు ఎడ్లబండ్ల మీద మట్టి తెచ్చి అతని ఎదుటే కడిగి రజను తీసి చూపించారు. అంటే ఆ విద్య వాళ్లకు ముందే వచ్చు. కంపెనీలు 1880ల్లో దిగాయి, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది, 2001లో మూతపడింది.

పాదరసం ఎందుకు వాడేవాళ్లు? ఇప్పుడు వాడొచ్చా?

వాడొద్దు. కారణం వివరంగా చెప్తాను.

పాదరసం బంగారాన్ని తనలో కలుపుకుంటుంది, ఇసుకను ముట్టుకోదు. అందుకని కాలువ పట్టీల మధ్య పోసేవాళ్లు, రాయి దంచే మిల్లుల్లో రాగి రేకుల మీద పూసేవాళ్లు, నీళ్లలో పోయే సన్న రజను దానికి అతుక్కునేది. ఆ ముద్దను మెత్తటి తోలులో వేసి పిండితే అదనపు పాదరసం కారిపోయి గట్టి ముద్ద మిగులుతుంది, దాన్ని కాలిస్తే పాదరసం 357 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, బంగారం స్పంజిలా మిగులుతుంది. తెలివైనవాళ్లు మూసిన పాత్రలో కాల్చి ఆవిరిని చల్లార్చి మళ్లీ పట్టుకునేవాళ్లు, మిగతావాళ్లు పొయ్యి మీద పెనంలోనే కాల్చేవాళ్లు.

ఆ ఆవిరికి రంగూ వాసనా లేవు. పీల్చినవాడికి అప్పటికప్పుడు ఏమీ తెలియదు, తర్వాత చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, జ్ఞాపకం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. నీళ్లలో చేరింది చేపల్లోకి పోతుంది. కాలిఫోర్నియాలో ఆనాటి పాదరసం వల్ల ఈనాటికీ కొన్ని చెరువుల్లో చేపలు తినొద్దని హెచ్చరికలున్నాయి. 2013లో చాలా దేశాలు కలిసి మినమాటా ఒప్పందం చేసుకున్నది దీన్ని తగ్గించడానికే. ఎవరైనా చిన్న సీసా చూపించి ‘ఇది కలిపితే ఈజీ’ అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

సైనైడ్ పద్ధతి ఎప్పుడొచ్చింది?

1887లో గ్లాస్గోలో జాన్ స్టూవర్ట్ మకార్థర్, ఫారెస్ట్ సోదరులు కనిపెట్టారు. పలచటి సైనైడ్ ద్రావణం గాలి తగులుతుంటే బంగారాన్ని కరిగిస్తుంది, జింకు వేస్తే బంగారం మళ్లీ బయటపడుతుంది. పాతవాళ్లు పారేసిన రాతిపిండి కుప్పల్లోంచి కూడా దీంతో లాభం తీశారు. ఇది ఫ్యాక్టరీలో నిపుణులు చేసే పని, ఇంతకు మించి ఇక్కడ రాయను.

చార్‌కమాన్, పాట్ మార్కెట్ వీధుల్లో మట్టి ఊడ్చి తీసుకెళ్తారు కదా, వాళ్లు చేసేది ఇదేనా?

అచ్చంగా ఇదే. ఉర్దూలో వాళ్లను న్యారియాలంటారు. ఆకురాయి పట్టినప్పుడు రాలే రజను కంసాలి బట్టలకు, చాపకు, చేతులకు అంటుకుంటుంది. మా పెదనాన్న దుకాణంలో చేతులు కడిగే తొట్టి విడిగా ఉండేది, ఆ నీళ్లు పారబోస్తే ఇంట్లో యుద్ధమే, అడుగున పేరుకున్న నల్లటి మడ్డిని ఏడాదికోసారి తీసేవాళ్లు. అయినా కొంత వీధిలోకి, మోరీలోకి పోతుంది. న్యారియాలు పొద్దున్నే బ్రష్షుతో గుమ్మాల సందులు కూడా వదలకుండా ఊడ్చి, ఆ మట్టిని కాల్చి, నూరి, తట్టలో గాలిస్తారు. కాల్చడం దేనికంటే వెంట్రుకలు, గుడ్డ పీచు, కాగితం పోవడానికి. చివర మిగిలిన దాన్ని వెలిగారం వేసి మూసలో కరిగిస్తే చిన్న గుండు వస్తుంది.

వీళ్ల విద్య కాలిఫోర్నియా వాళ్లదానికి ఏమాత్రం తీసిపోదు, పైగా కష్టమైనది, ఎందుకంటే ఇక్కడ దొరికేది పలుకు కాదు, ఆకురాయి పొడి. కొందరు తేజాబ్ (నైట్రిక్ ఆమ్లం), పాదరసం ఇరుకు గదుల్లో వాడతారు, మాస్కు ఉండదు, గాలి ఉండదు. వీధి ఊడ్చేవాళ్లని చులకనగా చూసేవాళ్లు ఒక్కసారి ఆగి వాళ్ల చేతి పని చూడాలి.

బంగారంలో కలిసిన వెండి, రాగి ఎలా తీసేవాళ్లు?

సీసం కలిపి కాలిస్తే రాగి లాంటివి సీసంతో పాటు బూడిద మూసలోకి ఇంకిపోతాయి. మలినం ఎంతుందో దానికి నాలుగింతలు సీసం కలపాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెప్తుంది. వెండి అలా పోదు. ఉప్పూ ఇటుకపొడీ పట్టించి పుటం పెట్టేవాళ్లు, ఇప్పటి టర్కీలో ఉన్న పాత లిడియా రాజ్యంలో సార్డిస్ దగ్గర క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలోనే ఈ పని జరిగింది. తేజాబ్ వచ్చాక సులువైంది, అది వెండిని కరిగించి బంగారాన్ని వదిలేస్తుంది.

మూసీలో బంగారం దొరుకుతుందా?

దొరకదు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి నగరం దాకా వచ్చే దారిలో ఉన్నది నల్లరాయి, గ్రానైటు. బంగారం ఉండేది హట్టి, కోలారు, రామగిరి, గద్వాల లాంటి శిస్టు అనే పాత పొరల రాళ్ల పట్టీల్లో. మూసీ ఇసుకలో తళుక్కుమనేది అభ్రకం. పైగా ఆ నీళ్లలో చేతులు పెట్టడం ఆరోగ్యానికి మంచిది కాదు.

దొరికింది బంగారమో కాదో ఎలా తెలుస్తుంది?

సుత్తితో కొట్టండి. బంగారం సాగుతుంది, పైరైటు (బంగారంలా మెరిసే ఇనప ఖనిజం) పొడి అయిపోతుంది, అభ్రకం రేకులుగా చీలుతుంది. గీటురాయి మీద గీస్తే బంగారం గీత పసుప్పచ్చగా, పైరైటుది నల్లగా. నీడలోకి తెచ్చినా మెరుపు తగ్గకపోతే ఆశ పెట్టుకోవచ్చు.

అంతమంది తవ్వారు కదా, ఎవరు బాగుపడ్డారు?

ఎక్కువగా సామాన్లు అమ్మినవాళ్లు. శాన్ ఫ్రాన్సిస్కోలో శామ్ బ్రానన్ ముందే పళ్లేలూ పారలూ కొనిపెట్టుకుని ఎన్నో రెట్లకు అమ్మాడు. మొదట బంగారం చూసిన మార్షల్, ఆ మిల్లు సొంతదారు సట్టర్ ఇద్దరూ కలిసిరాక పోయారు. ఆ కొండల్లో తరతరాలుగా ఉన్న ఆదివాసులైతే భూమీ ప్రాణాలూ రెండూ పోగొట్టుకున్నారు.

ఇప్పుడు మన దేశంలో ఎవరైనా నదిలో గాలిస్తున్నారా? మనం చేయొచ్చా?

జార్ఖండ్‌లో సువర్ణరేఖ ఒడ్డున ఆదివాసీ కుటుంబాలు చెక్క తట్టలతో ఇప్పటికీ చేస్తున్నాయి, రోజంతా కడిగితే బియ్యపు గింజంత దొరకడమూ కష్టమే. మనబోటివాళ్లు వెళ్లి తవ్వడం మాత్రం కుదరదు, 1957 నాటి గనుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజం తీయడం నేరం.

పిల్లలకు ఇంట్లో చూపించాలంటే?

ఇత్తడి పని చేసే దుకాణంలో గుప్పెడు రజను అడగండి, ఇస్తారు. సీసం వద్దు, విషం. ఇత్తడి బరువు ఇసుకకు మూడింతలే కాబట్టి బంగారం కన్నా కష్టం, ఇక్కడ చేయి కుదిరితే ఎక్కడైనా కుదురుతుంది. ముందు లెక్కపెట్టి 20 పలుకులు ఇసుకలో కలపండి, పెద్ద టబ్బులో నీళ్లు పోసి, జిడ్డు లేకుండా తోమిన నల్లటి ప్లాస్టిక్ పళ్లెంతో టబ్బులోనే గాలించమనండి, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేస్తే పలుకులు తేలవు. మొదటిసారి సగం పోతాయి, టెన్షన్ పడొద్దు. నీళ్లు పారబోసే ముందు టబ్బు అడుగునున్న ఇసుకను ఇంకోసారి గాలించండి, పోయినవి అందులోనే ఉంటాయి.